వివాదాస్పద అభ్యర్థీ, మన వార్తాపత్రికలూ

ఎన్నికలు వచ్చినవంటే చాలు, మన ఇండ్లలో పొద్దుటి కాఫీతో పాటు ఒక పోట్లాట కూడా మొదలవుతుంది. చెన్నపట్నంలో తరతరాలుగా వుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ పోట్లాట ఇతరులకంటె కాస్త ఎక్కువే. ఎందువల్లనంటే మనం మూడు భాషల పత్రికలు చదివేవారము. తమిళ పత్రిక ఇరుగు పొరుగు కోసం, ఇంగ్లీషు పత్రిక ఆఫీసు కోసం, తెలుగు పత్రిక మనసు కోసం. పదిమంది నోళ్ళలో పడిన అభ్యర్థి ఎవరైనా బరిలోకి దిగినపుడు, ఒక పత్రికలో ఆయన ధర్మరాజుగా కనిపిస్తాడు, రెండవదానిలో దుర్యోధనుడుగా కనిపిస్తాడు, మూడవదానిలో అసలు కనిపించనే కనిపించడు. మామగారు ఒక పత్రిక పట్టుకొని, అల్లుడుగారు ఇంకొక పత్రిక పట్టుకొని, భోజనాల దగ్గర మాటలు మానుకొన్న ఇండ్లు మన ఎరుకలో లేకపోలేదు.

ఇటువంటి అభ్యర్థిని గురించి పత్రికలు ఎట్లా వ్రాయవలెను? అసలు వ్రాయకుండా వుండటం మంచిదా? వ్రాస్తే ఎంత వ్రాయవలెను? ఇది సంపాదకుల గొడవే గదా, మనకెందుకు అనుకొనవచ్చును. కాని ఓటు వేసేది మనము. మనకు చేరిన సమాచారం వంకరదైతే మన ఓటూ వంకరదే అవుతుంది. అందుచేత ఈ విషయం గురించి నాలుగు మాటలు చెప్పుకొనడం అవసరమని మాకు తోచినది.

మొదట ఒక అపోహ తీర్చుకొందాము. “ఈ కాలంలోనే రాజకీయ నాయకులు పత్రికలు పెట్టుకొన్నారు, వెనుకటి కాలంలో పత్రికలు పవిత్రంగా వుండేవి” అని పెద్దలు కొందరు నిట్టూరుస్తూ వుంటారు. మన పట్నం చరిత్రే దీనికి సమాధానం. శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో 1908లో వారపత్రికగా స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసులో దినపత్రిక అయినది. పంతులుగారు జాతీయోద్యమంలో వున్నవారే. శ్రీ టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1921లో ఈ వూళ్ళోనే ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, బారిస్టరుగా సంపాదించినదంతా దానిలో పోశారు. తరువాత 1946లో వారే ఈ రాష్ట్రానికి ప్రధానమంత్రి అయినారు. తమిళులలో శ్రీ కరుణానిధిగారు 1942లో ‘మురసొలి’ని స్థాపించారు.

కనుక నాయకునికి పత్రిక వుండటం దోషం కాదు. ‘స్వరాజ్య’ కొన్నవానికి అది ప్రకాశంగారిదని తెలుసు. ‘మురసొలి’ తెరిచినవానికి అది ఏ పార్టీదో తెలుసు. వ్రాసినవాడు ఎవరివాడో తెలిస్తే చదివేవాడు ఉప్పు ఎంత వెయ్యవలెనో తానే చూచుకొంటాడు. దోషమల్లా ఎక్కడ వున్నదంటే, పార్టీ కరపత్రం తటస్థ పత్రిక వేషం వేసుకొని మన గుమ్మంలోకి వచ్చినపుడు.

ఇక అసలు ఉదాహరణకు వత్తాము. తెలుగువారి పత్రికలకు వివాదాస్పద అభ్యర్థి అనే పరీక్ష పెద్ద యెత్తున వచ్చినది 1982లో. ఆ అభ్యర్థి మన పట్నవాసియే. శ్రీ నందమూరి తారక రామారావుగారు త్యాగరాయనగరు బజుల్లా రోడ్డులో వున్న రోజులలో, తిరుపతి దర్శనం చేసుకొన్న యాత్రికులు బస్సులలో ఇక్కడికి వచ్చి, ఆయన ఇంటి ముందు నిలబడి ఒకసారి చూచి పోయేవారని ఆ పేటలోని పెద్దలు ఇప్పటికీ చెప్తారు. వడపళని వాహినీ స్టూడియోలో ‘పాతాళభైరవి’లో తోటరాముడైన మనిషి, ‘మాయాబజారు’లో కృష్ణుడైన మనిషి, 1982 మార్చి 29వ తేదీన హైదరాబాదులో తెలుగుదేశం పార్టీని ప్రకటించారు.

అప్పటి పరిస్థితి జ్ఞాపకం చేసుకొనండి. 1978 ఎన్నికలకూ 1983 ఎన్నికలకూ మధ్య ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసు నలుగురు ముఖ్యమంత్రులను మార్చినది. చెన్నారెడ్డిగారు, అంజయ్యగారు, భవనం వెంకట్రామిరెడ్డిగారు, కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. జనానికి విసుగు పుట్టి వున్నది. అయినా ఈ కొత్త పార్టీని గురించి విన్న పెద్దమనుషులు చాలామంది నవ్వారు. ముఖానికి రంగు పూసుకొనేవాడు రాజ్యం చేస్తాడా అన్నారు. ఆయన పాత షెవర్లే వ్యానును ‘చైతన్య రథం’గా మార్చి, కుమారుడు హరికృష్ణ నడుపుతూ వుండగా, ఖాకీ బట్టలతో పల్లె పల్లెకూ తిరిగారు. 1983 జనవరిలో జరిగిన ఎన్నికలలో 294 స్థానాలకు 200కు పైగా గెలిచి, ఆ నెల 9వ తేదీన ముఖ్యమంత్రి అయినారు. నవ్విన నాపచేనే పండినది.

నవ్వడం వలన నష్టం ఎవరికి? అభ్యర్థికి కాదు, పాఠకునికే. పల్లెలలో ఏమి జరుగుతున్నదో ఆ నవ్వులు నమ్ముకొన్నవానికి ఫలితాలు వచ్చేదాకా తెలియలేదు. ఈ తప్పు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 2015 జూలైలో ‘హఫింగ్టన్ పోస్ట్’ అనే పత్రిక, డోనాల్డు ట్రంపు పోటీని గురించిన వార్తలను రాజకీయాల పేజీలో వెయ్యమనీ, వినోదాల పేజీలో వేస్తామనీ ప్రకటించినది. ఆ డిసెంబరులోనే ఆ నిర్ణయం మార్చుకొన్నది. మరుసటి సంవత్సరం ఆ అభ్యర్థి అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. అభ్యర్థి మనకు నచ్చకపోయినా, అతని వెంట నడిచే జనం వినోదం కాదు. వారు ఎందుకు నడుస్తున్నారో కనుక్కొని చెప్పడమే విలేకరి పని.

దీనికి రెండవ వైపు కూడా వున్నది. నవ్వినవారు కొందరైతే, హారతి పట్టినవారు కొందరు. 1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన ‘ఈనాడు’ రామారావుగారి పర్యటనలకు విస్తారంగా చోటు ఇచ్చినది. ఆ పత్రిక జిల్లా జిల్లాకూ విలేకరులను పెట్టుకొన్నది గనుక జనం నాడి దానికి ముందుగా తెలిసినది. వార్తగా అది గొప్ప పనే. కాని వార్త చెప్పడం ఒకటి, పల్లకి మోయడం ఒకటి. కిలో 2 రూపాయలకు బియ్యం ఇస్తామని అభ్యర్థి అన్నపుడు, ఆకలిగొన్నవానికి అది ఎంత ఆశో వ్రాయవలసినదే. దానితో పాటే, అసలు ధరకూ ఆ 2 రూపాయలకూ మధ్య తేడా ఏ ఖాతాలోనుంచి వస్తుందో, దేనికి కోత పడుతుందో కూడా అదే పేజీలో అడగవలెను. అదే 1982లో ఇక్కడ ఎం.జి. రామచంద్రన్‌గారు మధ్యాహ్న భోజన పథకం పెట్టినపుడు కూడా అడగవలసిన ప్రశ్న ఇదే. మంచి పథకానికి ఈ ప్రశ్న హాని చెయ్యదు. మధ్యాహ్న భోజన పథకం ప్రశ్నలను తట్టుకొని నిలిచినదే. ప్రశ్న అడగని పత్రిక పాఠకుణ్ణి ఓటరుగా గాక అభిమానిగా చూస్తున్నదన్నమాట.

పల్లకి మోసినవారు దానిని దించనూ గలరు. 1995 ఆగస్టులో పార్టీ చీలి చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రి అయ్యే సమయానికి, ఒకప్పుడు రామారావుగారిని ఆకాశానికి ఎత్తిన అక్షరాలే ఆయనకు ఎదురు తిరిగినవి. 1996 జనవరి 18న ఆయన కాలం చేశారు. ఆ వివాదంలో న్యాయం ఎవరిదో చెప్పడం మా పని కాదు. ఒకే మనిషిని 13 సంవత్సరాల వ్యవధిలో దేవుడుగానూ, పనికిరానివాడుగానూ చూపినపుడు, మధ్యనున్న మామూలు మనిషిని పాఠకుడు ఎప్పుడూ చూడలేదనేదే మా విచారం.

అట్లాగని పత్రికల నోరు కట్టవలెనని మేము అనము. ‘ఈనాడు’ 1983 మార్చిలో ‘పెద్దల సభలో గలభా’ అని శీర్షిక పెట్టినందుకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి తన హక్కులకు భంగం కలిగినదని సంపాదకులు శ్రీ రామోజీరావుగారిపై చర్యకు పూనుకొన్నది. సుప్రీం కోర్టు అడ్డుపడవలసి వచ్చినది. 1985లో ఆ మండలే రద్దయి, మళ్ళీ 2007లో గాని రాలేదు. మన పట్నంలో 2003 నవంబరులో, ముఖ్యమంత్రి ప్రసంగాలను వర్ణించిన మాటలు నచ్చక, శాసనసభ ‘హిందూ’ పత్రిక సంపాదకునికీ మరికొందరికీ 15 రోజుల ఖైదు విధించినది. దానినీ సుప్రీం కోర్టే ఆపినది. ఈమధ్య చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం మారిన తరువాత టీవీ5, ఏబీఎన్ చానెళ్ళూ, 2024లో ప్రభుత్వం మారగానే సాక్షి మొదలైన చానెళ్ళూ చాలాచోట్ల కేబులులో రాకుండా పోయినవి. పక్షాలు మారినవి గాని పద్ధతి మారలేదు. పత్రిక తప్పుకు మందు ఇంకొక పత్రికే గాని తాళంకప్ప కాదు.

మేము ఒక ఆఫీసులో గుమాస్తా పని చేసేవారము. మా పనిలో ఒక నియమం వున్నది. ఎవరిమీదనైనా అర్జీ వస్తే, దానిని ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి, ఆ ఉద్యోగి వద్ద సమాధానం తీసుకొని, రెండూ ఒకే ఫైలులో కుట్టి, సంబంధించిన రికార్డు పేజీలకు గుర్తులు పెట్టి, అప్పుడు గాని అధికారి బల్లమీద పెట్టము. అర్జీ ఒక్కటే పంపితే అధికారి మొదట మందలించేది మమ్మల్నే. వార్తాపత్రికకు కూడా ఈ నియమం చాలునని మా నమ్మకం. ఇక్కడ అధికారి ఓటరు. ఫైలు పూర్తిగా వుంటే ఆయన తీర్పు ఆయన ఇచ్చుకొంటాడు.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో అమెరికాలోనే చూడవచ్చును. 1950 ఫిబ్రవరి 9న సెనేటరు జోసఫ్ మెకార్తీ వీలింగ్ అనే వూళ్ళో మాట్లాడుతూ, విదేశాంగ శాఖలో 205 మంది కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో వున్నదన్నాడు. తరువాత ఆ సంఖ్యను 57 అన్నాడు, మళ్ళీ 81 అన్నాడు. ఆయన అన్న మాట అన్నట్టే వేశాము, మా తప్పేమి అని చాలా పత్రికలు అనుకొన్నవి. ఆరోపణ మొదటి పేజీలో, సమాధానం లోపలి పేజీలో. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్న సామెత మనకు వున్నది గాని పాపం వారికి లేదు. సెనేటు 1954 డిసెంబరులో 67-22 ఓట్లతో ఆయనను అభిశంసించేలోపల ఎందరి ఉద్యోగాలో పోయినవి. “అతడు అన్నాడు” అని వ్రాయడం సత్యమే. “ఆ జాబితా చూపమంటే చూపలేదు” అని దాని పక్కనే వ్రాయనప్పుడు అది అర్ధసత్యం.

కోర్టు కేసులున్న అభ్యర్థి విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. ఫిర్యాదు వేరు, అభియోగ పత్రం వేరు, శిక్ష వేరు, అప్పీలు వేరు. ఈ నాలుగింటికీ ‘అవినీతిపరుడు’ అనే ఒకే మాట వాడే శీర్షికలు రోజూ చూస్తున్నాము. మన తమిళనాడులో జయలలితగారి విషయమే తీసుకొనండి. 2000లో టాన్సీ భూముల కేసులో శిక్ష పడినది. 2001 ఎన్నికలలో నాలుగు చోట్ల వేసిన నామినేషన్లు తిరస్కరింపబడినవి. అయినా మే నెలలో ముఖ్యమంత్రి అయినారు. సెప్టెంబరు 21న సుప్రీం కోర్టు ఆ నియామకం చెల్లదన్నది. డిసెంబరులో హైకోర్టు నిర్దోషి అన్నది. 2002లో ఆండిపట్టి ఉప ఎన్నికలో గెలిచి మళ్ళీ ముఖ్యమంత్రి అయినారు. తరువాత ఆస్తుల కేసులో 2014లో బెంగుళూరు ప్రత్యేక కోర్టు శిక్ష వేసినది, 2015లో హైకోర్టు కొట్టివేసినది, ఆమె మరణించిన తరువాత 2017 ఫిబ్రవరి 14న సుప్రీం కోర్టు తక్కిన ముద్దాయిల శిక్షను పునరుద్ధరించినది. ఈ వరుసలో ఏ ఒక్క రోజు పత్రికను మాత్రమే చదివినవాడు మోసపోయినట్లే. కేసు ఏ మెట్టుమీద వున్నదో, తరువాతి మెట్టు ఏదో ప్రతిసారీ రెండు వాక్యాలలో చెప్పడం పత్రికకు భారం కాదు. చెప్పకపోతే పాఠకునికి అది నేరమో, నిందో తెలియదు.

చట్టం ఈ విషయంలో పత్రికకు ఒక ఆయుధం ఇచ్చినది. 2002, 2003 సంవత్సరాలలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుల వలన ప్రతి అభ్యర్థీ తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రంలో వ్రాసి ఇవ్వవలెను. 2018 సెప్టెంబరు తీర్పు ప్రకారం కేసులున్నవారు ఆ సంగతి పత్రికలలో ప్రకటించుకొనవలెను. 2020 ఫిబ్రవరిలో, అటువంటివారిని ఎందుకు నిలబెట్టినారో పార్టీలు కూడా కారణం చెప్పవలెనని కోర్టు ఆజ్ఞాపించినది. ఆ ప్రకటనలు సన్నటి అక్షరాలలో, సంతాప ప్రకటనల పక్కన వచ్చి పోతున్నవి. వాటిని వెలికి తీసి, నియోజకవర్గంలోని అందరు అభ్యర్థులవీ ఒకే పట్టికగా, ఒకే సైజు అక్షరాలలో వేస్తే, అంతకు మించిన ఎన్నికల సేవ వేరొకటి వున్నదా? మనకు ఇష్టుడైనా, అయిష్టుడైనా, గడులు అందరికీ సమానమే.

ఇక డబ్బు సంగతి. 2009 ఎన్నికల తరువాత, అభ్యర్థుల వద్ద సొమ్ము తీసుకొని వార్తలు వేస్తున్నారన్న ఆరోపణలపై ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసినది. ఒకరు శ్రీ పరంజయ్ గుహా ఠాకుర్తాగారు, రెండవవారు మన తెలుగు పాత్రికేయులు శ్రీ కె. శ్రీనివాసరెడ్డిగారు. 2010లో వారిచ్చిన నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయట పెట్టలేదు. 2011లో కేంద్ర సమాచార కమిషన్ జోక్యం చేసుకొన్న తరువాత గాని అది వెలుగు చూడలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షను ప్రకారం గోడకు అంటించే ఎన్నికల పోస్టరుమీద కూడా ముద్రించినవాని పేరూ, ప్రచురించినవాని పేరూ వుండవలెను. గోడ కాగితానికే అంత పట్టింపు వుంటే, లక్షలమంది నమ్మి చదివే వార్తకు వెనుక ఎవరి రసీదు వున్నదో తెలియవలదా? డబ్బు పుచ్చుకొన్నది ప్రకటన. దానికి ‘ప్రకటన’ అని పేరు పెట్టవలెను.

డబ్బు ఇంకొక దారిలో కూడా వస్తుంది. వివాదాస్పద అభ్యర్థి కేకలు వేస్తే చూచేవారు పెరుగుతారు, చూచేవారు పెరిగితే ప్రకటనలు పెరుగుతవి. ట్రంపు ప్రచారం అమెరికాకు మంచిది కాకపోవచ్చును గాని తమ కంపెనీకి మాత్రం చాలా మంచిదని అక్కడి సి.బి.ఎస్. టెలివిజను అధిపతి 2016లో బాహాటంగానే అన్నాడు. ఆయన పైకి అన్నాడు, తక్కినవారు మనసులో అనుకొంటారు, అంతే తేడా. ఒక అభ్యర్థి ఉపన్యాసం గంటసేపు చూపి, అతనితో పోటీ చేసే పెద్దమనిషి రోడ్లను గురించి, మంచినీళ్ళను గురించి చెప్పినది అర నిమిషం కూడా చూపకపోతే, తిట్టినా పొగిడినా అది ప్రచారమే.

పత్రికలకు ఇన్ని చెప్పిన తరువాత పాఠకులకు ఒక్కటీ చెప్పకపోతే పక్షపాతమవుతుంది. మన సంఘాల పఠనమందిరాలలో, “ఫలానా దినపత్రిక మానిపించండి, అది ఫలానా పార్టీది” అని సభ్యులు అడగడం కద్దు. ఒక పత్రిక ఒక పక్షానికి మొగ్గుతుందనీ, ఇంకొకటి ఇంకొక పక్షం అధినేత కుటుంబానిదనీ మనందరికీ తెలిసినదే. తెలిసినపుడు మానిపించవలసిన అవసరం లేదు. రెండూ బల్లమీద వుండవలెను. నెలకు చందా నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే, మనకు నచ్చని పత్రికకు కట్టే చందా మన తీర్పుకు కట్టే రుసుము. ఒకే సభ గురించి రెండు పత్రికలు వ్రాసినవి పక్కపక్కన పెట్టి చదివితే, రెంటిలోనూ వున్నది జరిగినదనీ, ఒకదానిలోనే వున్నది కనుక్కొనవలసినదనీ చిన్నపిల్లవానికి కూడా తెలుస్తుంది. సెల్లు ఫోనులో బంధువులు పంపే వార్తకు ఈ పరీక్ష ఇంకా అవసరం. దానిమీద ముద్రాపకుని పేరైనా వుండదు.

చివరగా, అన్నిటికంటె మాకు దగ్గరగా తోచే సంగతి ఒకటి వున్నది. తెలుగు రాష్ట్రాలలో పిల్లలకు తెలుగు వీధిలో దొరుకుతుంది, బడిలో దొరుకుతుంది. చెన్నపట్నంలో మన పిల్లలలో చాలామందికి అచ్చులో కనిపించే తెలుగు ఇంటికి వచ్చే పత్రికే. శీర్షికలు కూడబలుక్కొని అక్షరాలు నిలుపుకొంటున్న పిల్లలు వున్నారు. ఎన్నికల కాలంలో ఆ పిల్లలు చదివేది ఎదుటివానిని పశువుతో పోల్చిన మాటలైతే, ఆడవారిని కించపరచిన మాటలైతే, వారు నేర్చుకొనే తెలుగు అదే. అభ్యర్థి తిట్టినాడంటే తిట్టినాడని వ్రాస్తే చాలును. ఆ తిట్టును పెద్ద అక్షరాలలో అచ్చు వేసి ఇంటికి పంపనక్కరలేదు. ఎంతటి వివాదాస్పద అభ్యర్థినైనా ‘గారు’ అంటూనే గట్టి ప్రశ్న అడగవచ్చునని మన పత్రికలు చూపగలిగితే, పిల్లలకు భాషా వస్తుంది, మర్యాదా వస్తుంది, పెద్దయిన తరువాత ఓటు వేసే తెలివీ వస్తుంది.

ఎన్నికలు వస్తూ వుంటవి, పోతూ వుంటవి. మామగారూ, అల్లుడుగారూ మాత్రం అదే ఇంట్లో వుండవలసినవారు. ఒకరి పత్రిక ఒకరు పుచ్చుకొని చదవడం మొదలు పెడితే, భోజనాల దగ్గర మాటలు మానుకొనవలసిన అవసరం రాదని మా మనవి.